ఖాళీ కుర్చీకి ముందు: గెస్టాల్ట్ పద్ధతిలో కౌన్సెలింగ్ ఎలా చేయాలి

"నాన్న పోయి నాలుగేళ్ళు దాటిందండీ. ఇప్పుడు నాకేం బాధ లేదు" అంటోంది మీ ఎదుట కూర్చున్నామె. అంటూనే కుడిచేత్తో ఎడమ మణికట్టుని పట్టుకుని ఉంది, వేళ్ళు తెల్లబడేంత గట్టిగా. మీరు దేన్ని వింటారు, మాటనా, చేతినా?

గెస్టాల్ట్ పద్ధతిలో పనిచేసే కౌన్సెలర్ రెండిటినీ వింటాడు. మాట అబద్ధం, చెయ్యి నిజం అని తీర్పు చెప్పడు. "బాధ లేదంటున్నారు. మీ కుడిచెయ్యి ఎడమచేతిని పట్టుకుని ఉంది. అది మీకు తెలుస్తోందా?" అని మెల్లగా అడిగి ఆగుతాడు. ఆ ఆగడమే కష్టం.

ఈ పద్ధతి గురించి కోర్సులో ఒక్క పాఠం విన్నవాళ్ళకి సాధారణంగా ఖాళీ కుర్చీ ఒకటే గుర్తుండిపోతుంది: ఎదుట లేని మనిషి అందులో కూర్చున్నట్టు ఊహించుకుని క్లయింటు మాట్లాడటం. నేనూ అలాగే మొదలుపెట్టాను. కొత్తలో ఒక కుర్రాడి చేత మొదటి సెషన్‌లోనే కుర్చీతో మాట్లాడించబోయాను. రెండు ముక్కలు మాట్లాడి, "సార్, ఇది నాటకంలా ఉంది" అని లేచి వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. కుర్చీకి ముందు జరగాల్సిన పని నేను చేయలేదు. ఇక్కడ రాస్తున్నది ఎక్కువగా ఆ పని గురించే. పైన చెప్పినామె నేను ఊహించుకున్న మనిషి. 2021 మే నెలలో ఆస్పత్రిలో కోవిడ్‌తో తండ్రి పోయాడు, సంచీలో చుట్టిన శరీరం నేరుగా శ్మశానానికి వెళ్ళింది, ముఖం చూడలేదు. ఇలాంటి కథలు మన దగ్గర చాలా ఇళ్ళలో ఉన్నాయి కాబట్టి ఈమెనే చివరిదాకా వెంటబెట్టుకుందాం.

పునాది

గెస్టాల్ట్ జర్మన్ మాట. రూపం, ఆకృతి, విడి ముక్కలుగా కాక ఒక్కటిగా కనబడేది అని అర్థం. 1912లో మనస్తత్వవేత్త మాక్స్ వెర్ట్‌హైమర్ తన ఫ్రాంక్‌ఫర్ట్ ప్రయోగాల ఫలితాలు అచ్చువేశాడు. పక్కపక్కన రెండు గీతల్ని తగిన వేగంతో ఒకదాని తర్వాత ఒకటి చూపిస్తే, చూసేవాడికి రెండు గీతలు కనబడవు, ఒకటే గీత కదిలినట్టు కనబడుతుంది. ముక్కలు కలిపితే వచ్చేది కాదు మన అనుభవం, మనసు దాన్ని మొత్తంగా అల్లుకుంటుంది అన్నది అక్కడి పాఠం. 1915లో డెన్మార్క్‌కి చెందిన ఎడ్గర్ రూబిన్ చూపించిన బొమ్మ మీరు చూసే ఉంటారు: ఒకసారి పూలకూజా, ఒకసారి ఎదురెదురుగా రెండు ముఖాలు. ఏది ముందుకొస్తే రెండోది వెనక్కి పోతుంది. కౌన్సెలింగ్ గదిలో మీరు అడగాల్సిన ప్రశ్న అదే. ఈ మనిషికి ఈ క్షణాన ఏది ముందుకొచ్చింది, ఏది వెనక ఉండిపోయింది? బెర్లిన్‌లో బ్ల్యూమా జైగార్నిక్ 1927లో అచ్చువేసిన అధ్యయనం, పూర్తయిన పనుల కంటే మధ్యలో ఆపేసిన పనులు ఎక్కువగా గుర్తుంటాయని చెప్పింది. తర్వాతి ప్రయోగాల్లో ఈ ఫలితం ప్రతిసారీ రాలేదు. కానీ చెప్పాల్సిన మాట చెప్పకుండానే మిగిలిపోతే అది మనిషిని ఎలా వెంటాడుతుందో దుఃఖంలో ఉన్నవాళ్ళ దగ్గర కూర్చున్న ఎవరికైనా తెలుసు.

చికిత్సగా దీన్ని మలిచినవాళ్ళు ఫ్రిట్జ్ పెర్ల్స్, ఆయన భార్య లారా పెర్ల్స్. ఫ్రిట్జ్ 1893లో బెర్లిన్‌లో పుట్టాడు. డాక్టరు, ఫ్రాయిడ్ మార్గంలో శిక్షణ పొందినవాడు. 1926లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో మెదడు వైద్యుడు కుర్ట్ గోల్డ్‌స్టైన్ దగ్గర, యుద్ధంలో మెదడు దెబ్బతిన్న సైనికుల మధ్య పనిచేశాడు. గాయం తలకి తగిలినా మనిషి మొత్తంగా దానికి సర్దుకుంటాడు అన్న గోల్డ్‌స్టైన్ దృష్టి ఆయనలో నాటుకుంది. లారా గెస్టాల్ట్ మనస్తత్వశాస్త్రం చదివింది, పియానో, నాట్యం తెలిసిన మనిషి. హిట్లర్ రాగానే యూదులైన ఈ జంట 1933లో జర్మనీ వదిలి, నెదర్లాండ్స్ మీదుగా దక్షిణాఫ్రికా చేరింది. యుద్ధం అయ్యాక న్యూయార్క్ వెళ్ళారు. ఫ్రిట్జ్, రాల్ఫ్ హెఫర్‌లైన్, పాల్ గుడ్‌మన్ కలిసి రాసిన మూలగ్రంథం 1951లో వచ్చింది. మరుసటి ఏడు న్యూయార్క్‌లో మొదటి శిక్షణ సంస్థ మొదలైంది.

1960లలో ఫ్రిట్జ్ కాలిఫోర్నియాలో అందరి ముందూ చేసి చూపించిన సెషన్లు ఫిల్ములుగా మిగిలాయి. వాటిలో ఆయన క్లయింటుని నిలదీస్తాడు, కవ్విస్తాడు. అవి చూసి గెస్టాల్ట్ అంటే నిలదీయడం అనుకునేవాళ్ళు చాలామంది. లారా తీరు వేరు. మనిషి వెన్ను, పాదాలు, ఊపిరి చూసుకుంటూ, ఆసరా ఎంత ఉందో కొలుచుకుంటూ ముందుకెళ్ళేది. మీరు లారా దారిలోనే వెళ్ళండి, ముఖ్యంగా మొదటి పదేళ్ళు.

ఇంకొక్క పేరు. ఆర్నాల్డ్ బైసర్ టెన్నిస్ ఛాంపియన్. కొత్తగా డాక్టరయిన రోజుల్లోనే పోలియో వచ్చి శరీరం చచ్చుబడింది. సైకియాట్రిస్టుగా మారిన ఆయన 1970లో రాసిన చిన్న వ్యాసం గెస్టాల్ట్‌కి వెన్నెముక లాంటిది. మనిషి తాను కానిది కావాలని పెనుగులాడినంత కాలం మారడు, తాను ఉన్నట్టుగా ఉండనిచ్చుకున్నప్పుడు మార్పు మొదలవుతుంది అన్నది దాని సారం. మనకి ఇది మింగుడుపడదు. "ఏం చేయమంటారో చెప్పండి సార్" అని వస్తారు, మనకి చెప్పాలనీ ఉంటుంది. చెప్పకండి. "మీరు నన్ను అడుగుతున్నారు. అడుగుతున్నప్పుడు లోపల ఎలా ఉంది?" అనండి.

మొదటి అడుగు: ఎవరితో చేయకూడదో తేల్చుకోండి

లేనివి వినబడుతున్నవాళ్ళు, నిజానికీ ఊహకీ మధ్య గీత చెదిరినవాళ్ళు, చనిపోవాలన్న ఆలోచన తీవ్రంగా ఉన్నవాళ్ళు, ఘోరమైన సంఘటన నుంచి ఇప్పుడిప్పుడే బయటపడుతూ మాటిమాటికీ మొద్దుబారిపోతున్నవాళ్ళు: వీళ్ళ దగ్గర కుర్చీ పని, భావోద్వేగాన్ని పెంచే ప్రయోగాలు వద్దు. ముందు సైకియాట్రిస్టు, ముందు భద్రత. ఆత్మహత్య మాట వస్తే నేరుగా అడగండి, ఇంట్లోవాళ్ళని కలపండి, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416 ఇచ్చి పంపండి, అది తెలుగులోనూ పలుకుతుంది. ఇంట్లో దెబ్బలు తింటున్న ఆడమనిషికి గదిలో కోపం బయటపెట్టడం నేర్పి ఇంటికి పంపితే ఏమవుతుందో ఆలోచించండి. ఆమెకి మొదట కావాల్సింది సురక్షితంగా ఉండే దారి.

ఇది చదివి చికిత్స చేసేయకండి కూడా. అనుభవమున్న కౌన్సెలర్ల పర్యవేక్షణలో నేర్చుకోవాల్సిన పని ఇది.

రెండో అడుగు: ముందు మీ మీద

రోజూ ఐదు నిమిషాలు కుర్చీలో కూర్చుని "ఇప్పుడు నాకు తెలుస్తోంది..." అని మొదలుపెట్టి వాక్యాలు పైకే అనండి. "ఇప్పుడు నాకు ఫ్యాను చప్పుడు తెలుస్తోంది. ఇప్పుడు నాకు దవడ బిగిసి ఉన్నట్టు తెలుస్తోంది. ఇప్పుడు నాకు రేపటి ఫీజు గురించి ఆలోచిస్తున్నట్టు తెలుస్తోంది." బయటివి, ఒంటిలోవి, ఆలోచనలు మూడూ వస్తాయి. ఏది ఎక్కువ వస్తోందో చూసుకోండి. నాకు మొదట్లో అన్నీ ఆలోచనలే వచ్చేవి, మెడ కింద ఒళ్ళు ఉన్నట్టే ఉండేది కాదు. తన ఒళ్ళు తనకి తెలియని కౌన్సెలర్‌కి ఎదుటివాళ్ళ మణికట్టు కనబడదు. తెలుగులో దీనికి ఎరుక అన్న చక్కని మాట ఉంది, నేను క్లయింట్ల దగ్గర కూడా అదే వాడతాను.

మూడో అడుగు: గది

మధ్యలో బల్ల తీసేయండి. మన కాలేజీ కౌన్సెలింగ్ గదుల్లో అద్దం బల్ల, దాని మీద ఫైళ్ళు, వెనక పెద్ద కుర్చీ, ముందు చిన్న కుర్చీ ఉంటాయి. ఆ ఏర్పాటే "నేను అధికారిని" అంటుంది. ఒకే ఎత్తు కుర్చీలు రెండు కాస్త ఏటవాలుగా, మూడోది గోడవారన వేయండి. క్లయింటు పాదాలు నేలకి ఆనాలి. టిష్యూలు చేతికందేలా ఉంచండి కానీ మీరు తీసి ఇవ్వకండి. ఏడుపు మొదలవగానే ఇస్తే ఇక చాలు ఆపమన్నట్టు వినబడుతుంది.

నాలుగో అడుగు: మాటని వినండి, మాటని కదపండి

అమెరికాలో ఫ్రిట్జ్ "అది" అన్నచోట "నేను" అనిపించేవాడు. తెలుగుకి ఆ సూత్రం ఉన్నదున్నట్టు అతకదు. మన భాషలో కోపం వస్తుంది, ఏడుపు వస్తుంది, భయం వేస్తుంది. అవి వచ్చేవే, మనం చేసేవి కావు. దాన్ని మార్చమని క్లయింటుని ఇబ్బంది పెట్టకండి. దాని బదులు వచ్చినదాన్ని ఏం చేశారో అడగండి. "కోపం వచ్చిందన్నారు. వచ్చిన కోపాన్ని ఏం చేశారు?" "మింగేశాను సార్." ఆ ఒక్క జవాబులో పని మొదలైపోతుంది. "మింగినప్పుడు ఎక్కడిదాకా వెళ్ళింది?" అనండి. చెయ్యి తనంతట తనే గొంతు మీదికో ఛాతీ మీదికో వెళుతుంది.

"మనం" వస్తే చెవి రిక్కించండి. "మనకెందుకులే అనిపిస్తుంది కదా." ఎవరికి అనిపిస్తోంది? "ఇదే మాట నేను అని చెప్పి చూడండి, ఎలా ఉంటుందో" అనండి. ఒక్కోసారి గొంతు మారిపోతుంది.

అన్నిటికంటే నాకు ఇష్టమైనది "లేను". "అమ్మతో చెప్పలేను" అన్నారు. అందులో "లే" తీసేసి "చెప్పను" అని ఒకసారి పైకి అనమనండి. ఒకరు నవ్వుతారు, ఒకరికి కోపం వస్తుంది, ఒకరు "అవును, చెప్పను" అని నిటారుగా కూర్చుంటారు. ఒక్క అక్షరంలో అంత తేడా. కానీ నిజంగా చేతకాని పరిస్థితిలో ఉన్నవాళ్ళ మీద ఇది ప్రయోగించకండి, అది క్రూరత్వం. అప్పు పత్రం మీద సంతకం పెట్టకపోతే ఇంట్లోంచి గెంటేస్తారన్న భయంతో ఉన్నామెకి "లే" తీసేయమని చెప్పే హక్కు మనకి లేదు.

"చెప్పాలని ఉంది కానీ భయం" అన్నప్పుడు "కానీ" ముందున్న కోరికని చెరిపేస్తుంది. "చెప్పాలనీ ఉంది, భయంగానూ ఉంది" అని మీరు తిరిగి చెప్పండి, రెండూ నిలబడతాయి. "ఎందుకు" అన్న ప్రశ్న వీలైనంత తగ్గించండి. "ఎందుకు ఏడుస్తున్నారు" అంటే మనిషి సంజాయిషీ వెతుక్కుంటాడు. "ఈ కన్నీళ్ళు ఏమంటున్నాయి" అంటే లోపలికి చూసుకుంటాడు.

ఐదో అడుగు: ఎక్కడ ఆగిపోతోందో గుర్తుపట్టండి

ఆకలి వేయడం, అన్నం పెట్టుకోవడం, తినడం, తృప్తి, చెయ్యి కడుక్కుని లేవడం: అనుభవం కూడా ఇలా ఒక చుట్టు తిరిగి ముగియాలి. ఎక్కడో తెగిపోతుంది. తెగే చోట్లకి గెస్టాల్ట్‌లో పేర్లున్నాయి.

నమలకుండా మింగినవి ఒక రకం. పళ్ళు రాని బిడ్డ ఇచ్చింది మింగుతుంది, పళ్ళొచ్చాక నములుతుంది, నచ్చనిది ఉమ్మేస్తుంది. మాటలూ అంతే అన్నది పెర్ల్స్ దంపతుల ఆలోచన. "మగాడివి, ఏడుస్తావేంటి." "ఆడపిల్లవి, ఆ నవ్వేంటి." "నలుగురూ ఏమనుకుంటారు." ఇవి మన నోట్లో అరగకుండా ఉండిపోయిన ముద్దలు. ఉమ్మేయమని మీరు చెప్పకండి, అది ఇంకో ముద్ద పెట్టడమే. "ఈ మాట ఎవరి గొంతులో వినబడుతోంది?" అని అడిగి, నెమ్మదిగా పలికించండి. నమలనివ్వండి. కొంత ఉంచుకుంటారు, కొంత వదిలేస్తారు.

బయటికి పోవాల్సింది తన మీదికే తిప్పుకోవడం రెండోది. పళ్ళు కొరకడం, గోళ్ళు కొరుక్కోవడం, లోలోపల కుమిలిపోవడం, మన ఆమె మణికట్టు పట్టు. మన ఇళ్ళలో పెద్దవాళ్ళ మీద కోపం చూపించే వీలు లేదు కాబట్టి ఇది చాలా ఎక్కువ. తన కోపాన్ని ఎదుటివాళ్ళలో చూడటం, అమ్మ అభిప్రాయం ఏదో తనది ఏదో తెలియనంతగా కలిసిపోవడం, మాట లోతుకి వెళ్ళగానే నవ్వేసి "సరే వదిలేయండి" అని పక్కకి తిప్పేయడం మిగతావి. వీటిని తప్పులుగా చూడకండి. ఒకప్పుడు ఆ మనిషిని కాపాడినవే ఇవన్నీ.

ఆరో అడుగు: చిన్న ప్రయోగం

మన ఆమె దగ్గరికి వద్దాం. మూడో సెషన్ అనుకోండి. మణికట్టు మళ్ళీ చేతికి చిక్కింది.

"ఒక చిన్న ప్రయోగం చేద్దామా? ఇష్టం లేకపోతే వద్దనొచ్చు." ఈ వాక్యం ప్రతిసారీ అనండి. మనవాళ్ళు మొహమాటానికి ఊఁ అంటారు, కాబట్టి ఊఁ కొట్టాక ముఖం కూడా చూడండి.

"ఆ పట్టు ఇంకొంచెం బిగించండి. ఊపిరి వదలండి. ఇప్పుడు కాస్త సడలించండి. ఏం తేడా ఉంది?"

"సడలిస్తే భయంగా ఉంది."

"ఆ చేతికి నోరుంటే ఏమంటుంది?"

"వదలొద్దు అంటోంది."

"ఎవరితో?"

ఇక్కడ నిశ్శబ్దం వస్తుంది. నింపకండి. ఒక నిమిషం చాలా పొడుగ్గా అనిపిస్తుంది, అయినా సరే. మీ పాదాలు నేల మీద ఉన్నాయో లేదో చూసుకోండి. నాన్న ఆ నిశ్శబ్దంలోంచి వస్తాడు.

ఏడో అడుగు: కుర్చీ

కుర్చీతో మాట్లాడించడం పెర్ల్స్ సొంతంగా కనిపెట్టింది కాదు. వియన్నాలో నాటకాన్ని చికిత్సగా మలిచిన జేకబ్ మొరీనో నుంచి వచ్చింది. కెనడాలో లెస్లీ గ్రీన్‌బర్గ్, ఆయన సహచరులు ఇలాంటి సంభాషణల్ని దశాబ్దాలుగా పరిశీలించారు. ఎదుటి మనిషి నుంచి తనకి ఏం కావాల్సి ఉండి దక్కలేదో ఆ మాట బయటికి వచ్చినవాళ్ళలో పని ఎక్కువగా ముగింపుకి వచ్చిందని చూపించారు. కోపం వెళ్ళగక్కించడం సరిపోదని దీని అర్థం.

కుర్చీని ఆమెనే తెచ్చి వేయమనండి. ఎంత దూరం, ఎటు తిప్పి అన్నది ఆమె నిర్ణయం. "నాన్నగారు ఎలా కూర్చున్నారు? ఏం కట్టుకున్నారు?" అని అడగండి. తెల్ల పంచె, భుజం మీద తువ్వాలు, ఎడమకాలు ఊపుతూ. మనిషి కళ్ళకి కట్టేదాకా మాటలు మొదలుపెట్టనివ్వకండి. మొదట్లో చెప్పిన ఆ కుర్రాడి దగ్గర నేను చేసిన తప్పు ఇదే, ఖాళీ ప్లాస్టిక్ కుర్చీతో మాట్లాడమన్నాను.

మీతో "మా నాన్న నన్ను బాగా చూసుకునేవాడండీ" అంటే, "ఆ మాట ఆయనకే చెప్పండి" అనండి. నాన్నని "నువ్వు" అనేవాళ్ళు, "మీరు" అనేవాళ్ళు ఇద్దరూ ఉంటారు. ఆమె ఇంట్లో ఏదంటుందో అదే అననివ్వండి. మధ్యలో "మీరు" కాస్తా "నువ్వు" అయితే గమనించండి, సరిచేయకండి.

మొదట ప్రేమే వస్తుంది. పోయినవాళ్ళని ఏమీ అనకూడదన్న మాట మనలో బలంగా ఉంది, దాన్ని పీకేయక్కర్లేదు. కాసేపటికి దానంతట అదే తోసుకొస్తుంది. "పెళ్ళికి వెళ్ళొద్దని ఎంత చెప్పాను నాన్నా, విన్నావా?" ఆ కోపానికి చోటివ్వండి. "ఇంకోసారి చెప్పండి" అనండి, అంతే. కోపం కింద ఉన్నది తర్వాత వస్తుంది. "నీ ముఖం చూడనివ్వలేదు నాన్నా." అప్పుడు అడగండి: "ఆ రోజు మీకు ఏం కావాల్సి ఉంది? ఆయనకి చెప్పండి."

"ఒక్కసారి నీ చెయ్యి పట్టుకోవాలని ఉండింది."

మణికట్టు ఎవరిదో ఇప్పుడు ఆమెకే తెలుస్తుంది. మీరు వివరించకండి. దయచేసి వివరించకండి.

తర్వాత కుర్చీ మారి నాన్నగా జవాబు చెప్పమని అడగొచ్చు. పెద్దవాళ్ళ ఆసనంలో కూర్చోవడానికి కొందరికి మనసొప్పదు. ఆ కుర్చీ వెనక నిలబడి మాట్లాడమనండి, అదీ పనిచేస్తుంది. హింసించినవాడి కుర్చీలో మాత్రం బాధితుల్ని ఎప్పుడూ కూర్చోబెట్టకండి. నాన్నగా ఆమె "నాకు తెలుసమ్మా, నువ్వు బయటే ఉన్నావని" అనొచ్చు, ఏమీ అనకుండా ఏడవొచ్చు. ఏది వస్తే అది. మళ్ళీ తన కుర్చీకి రప్పించండి. ఆయన నుంచి ఏం దగ్గరుంచుకుంటుందో, దేనికి సెలవు చెబుతుందో ఆయనకే చెప్పనివ్వండి. ఇవాళ సెలవు చెప్పలేకపోతే "ఇవాళ్టికి ఇంతే నాన్నా" అన్నా చాలు.

వీడియో కాల్‌లో, డాలస్‌లోనో దుబాయ్‌లోనో ఉన్నవాళ్ళతో చేస్తుంటే పక్కగదిలో ఎవరున్నారో ముందు అడగండి. కెమెరాని వెనక్కి జరిపించి చేతులు, ఒడి కూడా కనబడేలా చూడండి. మొదటి కుర్చీ పని మాత్రం వీడియోలో వద్దని నా అభిప్రాయం.

ఎనిమిదో అడుగు: నేల మీదికి

యాభై నిమిషాల సెషన్‌లో చివరి పదిహేను దీనికే. అంటే ముప్పై ఐదో నిమిషానికల్లా కుర్చీ పని ముగియాలి. "నన్ను చూడండి. గదిలో ఇంకేం కనబడుతున్నాయి?" అని బయటికి రప్పించండి. మంచినీళ్ళు ఇవ్వండి. మూడో కుర్చీని ఆమె చేతే గోడవారకి పెట్టించండి, నాన్న అందులో అలాగే కూర్చుని ఉండిపోకూడదు. "నేను చూస్తున్నప్పుడు నా గొంతు కూడా పట్టేసింది" అని మీకు జరిగింది ఒక్క వాక్యంలో నిజాయితీగా చెప్పొచ్చు, మీ కథ చెప్పకండి. బండి మీద వచ్చిందా అని అడగండి. వస్తే పది నిమిషాలు బయట కూర్చుని వెళ్ళమనండి. ఇంటికెళ్ళాక ఎవరున్నారు, ఈ రాత్రి నిద్ర పట్టకపోతే ఎవరికి ఫోన్ చేస్తుంది అన్నది తేల్చుకున్నాకే పంపండి.

నోట్సులో మీ విశ్లేషణ కంటే ఆమె అన్న మాటలు, చేతులు చేసిన పని రాయండి. వచ్చే వారం ఆమె వచ్చేసరికి మూడో కుర్చీ గోడవారనే ఉండనివ్వండి. ఇవాళ ఏది ముందుకొచ్చిందో అడగండి. నాన్న ఊసే ఎత్తకుండా ఆఫీసులో మేనేజరు గురించి చెబితే, మేనేజరు గురించే వినండి.